కఱవు సీమలో సింగారము

గుంతకల్లులో రైలు మారి దక్షిణముగా అనంతపురమునకు పోవు వారికి కిటికీలోనుండి కనబడునవి మూడు రంగులే. ఎఱ్ఱని నేల, నల్లని బండలు, వాన కురిసిన యేట వేరుసెనగ చేల పచ్చదనము. వాన లేని యేట ఆ మూడవది కూడ నుండదు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచేతను, తూర్పు సముద్రము దూరమగుటచేతను రెండు ఋతుపవనములకును ఈ సీమ బంతిలో కడపటి విస్తరి వంటిది. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియును ఏ నెలలో వచ్చునో, ఏ నెలలో ముఖము చాటువేయునో నమ్మకము లేదు. 2022 ఏప్రిలులో ఈ జిల్లాను రెండు చేసి, పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పఱచిరి. ఎండయు గాలియు మాత్రము రెండు జిల్లాలకు నొకటే.

ఇట్టి చోటికి పోయి సబ్బులను, నూనెలను, పౌడర్లను గూర్చి వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. పంట చేతికి వచ్చునో రాదో తెలియని యింట స్త్రీ తన ముఖమునకును జుట్టునకును పెట్టు ప్రతి రూపాయియు లెక్కకు రావలసినదే. అంతేకాక, ఎండ, గాలి, నీరు మూడును మేనికి పగయైన చోట ఏమి పూసికొనవలెను, ఏమి మానవలెను అను ప్రశ్న విలాసము కాదు. కోస్తా పట్టణములలోనో, మదరాసులోనో కూర్చుండి వ్రాసిన సౌందర్య సలహాలు ఈ సీమ సోదరీమణులకు సగమునకు పైగా పనికిరావు. అందుచేత మేము అనంతపురము, కల్యాణదుర్గము, కదిరి, లేపాక్షి, హిందూపురము తిరిగి, అంగళ్లు చూచి, ఆడవారితో మాటలాడి వచ్చితిమి.

మొదట నీటి సంగతి. అనంతపురము పాతవూరిలో మేము దిగిన యింటి అవ్వ మా చేతిలోని సువాసన సబ్బును చూచి, “ఈ నీళ్లకు సబ్బు యాడ నురగొస్తాది తల్లీ! బండకు రుద్దినట్లే. తలకైతే కుంకుడుకాయే” అనెను. మేము రుద్ది చూచితిమి. అవ్వ మాటయే నిజమైనది. బోరుబావులు నల్లరాతి పొరలలోనికి వందల అడుగులు దిగి తెచ్చు నీటిలో సున్నపు లవణములును, మెగ్నీషియమును మెండు. సబ్బు ఆ లవణములతో కూడి, నురుగగుటకు మాఱు తెల్లని తెట్టుగా విఱిగిపోవును. ఆ తెట్టు వెండ్రుకలకు అంటి జుట్టును పీచు చేయును. చర్మముపై నిలిచి దురద పెట్టును. ఇంటివారు ఇది సబ్బు దోషమని తలచి, అంతకంటె ఖరీదైన సబ్బును కొందురు. అదియును విఱుగును. చాల పల్లెలలో నీట ఫ్లోరైడు కూడ నుండుటచే 1995లో శ్రీ సత్యసాయి మంచినీటి పథకము వచ్చి, ఏడువందలకు పైగా గ్రామములకు త్రాగునీరు చేరినది. అయినను త్రాగునీరు వేఱు, తలంటి పోసికొను నీరు వేఱు.

కుంకుడుకాయ నురుగునకు ఈ చిక్కు లేదు. అందులోని సపోనిను అను పదార్థము సున్నపు లవణములతో కలిసి విఱుగదు. అవ్వకు రసాయనశాస్త్రము రాదు గాని, ఆమె లెక్క తప్పలేదు. రాత్రి కాయలు చితుకగొట్టి, గింజలు తీసివేసి, వేడినీట నానవైచి, తెల్లవాఱి పిసికి వడగట్టిన పులుసు ఒక తలంటికి చాలును. కంట బడినచో మంట. చిన్నపిల్లలకు నుదుట గుడ్డ కట్టి పోయుట మేలు. ఇక షాంపూలోని నురుగు పదార్థములును కఠినజలమునకు లొంగవు. కుంకుడుకాయ కొట్టుటకు తీరిక లేని వారు సాధారణపు షాంపూ వాడినను దోషము లేదు. తలకు సబ్బు మాత్రము వద్దు. సీకాయ సబ్బు అని పేరున్నను అది సబ్బే. ఈ నీట అదియును తెట్టు కట్టును. కడపట ఒక చెంబెడు నీట అరచెక్క నిమ్మరసము పిండి జుట్టుపై పోసికొనినచో మిగిలిన తెట్టు కరగిపోవును. ఆ నిమ్మనీరు ముఖముపై నిలువనిచ్చి ఎండలోనికి పోరాదు, మచ్చలు పడును.

ఒక రూపాయి, రెండు రూపాయల షాంపూ పొట్లముల కథయు మన దక్షిణదేశపుదే. కడలూరులో చిన్నికృష్ణన్ అను నతడు మొదలిడిన ఆలోచనను ఆయన కుమారుడు రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో పల్లె పల్లెకు చేర్చెను. పెద్ద సీసాలో కొనిన లాభమని మనము తలతుము. మేము అనంతపురము గడియారస్తంభము చేరువ నొక అంగడిలో నిలిచి, సీసా వెలను మిల్లీలీటర్లతోను, పొట్లము వెలను దాని మిల్లీలీటర్లతోను భాగించి చూడగా, పొట్లమే చవుక. అన్ని రకములకు ఇట్లుండదు. కాగితము, పెన్సిలు పట్టి చూచుకొనవలసినదే. ఒక్క మాట: ఖాళీ పొట్లములు ఎండిన పెన్న యిసుకలో మెఱయుచుండుట చూడ ముచ్చటగా లేదు.

ఒంటి సబ్బును ఎన్నుటకు వాసనయు, సినిమా తార బొమ్మయు కొలత కాదు. పైకాగితముపై మిక్కిలి చిన్న అక్షరములతో “టి.ఎఫ్.ఎం.” అని ఒక అంకె యుండును. సబ్బులోని మొత్తము కొవ్వు పదార్థము నూటికి ఎంతయో అది తెలుపును. భారత ప్రమాణముల సంస్థ నిర్ణయము ప్రకారము 76 లేక అంతకు మించినది మొదటి తరగతి, 70 రెండవది, 60 మూడవది. “బాతింగ్ బార్” అని వ్రాసినది అసలు ఈ తరగతులలోనిది కాదు. దానిలో 40 ఉన్నను చాలునని నియమము. ఒకే ధరకు ఒకే బరువున్న రెండు బిళ్లలలో ఒకదాని అంకె 76, మఱియొకదానిది అరువదికి లోపలగా నుండుట మేము చూచితిమి. బీఱువా మీద బొమ్మలు చూచి కొను ఇల్లాలికి ఆ భేదము తెలియదు. తక్కువ కొవ్వు గల బిళ్ల నీట త్వరగా కరగును. ఈ సీమ గాలిలో మేనిని మఱింత బిగియించును. ముఖమునకు, చేతులకు సబ్బే పడని వారికి పెసరపిండి యున్నది. అది మెత్తగా జల్లించినదై యుండవలెను. రవ్వగా నున్న సున్నిపిండితో గట్టిగా తోముకొని, చర్మము గీచుకొనిపోయిన తరువాత క్రీము కొనుట రెండు ఖర్చులు.

నూనె విషయములో ఈ మెట్టనేల బీదది కాదు. ఆముదము వానలేమికి తట్టుకొను పంట. వేరుసెనగ చేల గట్ల వెంబడి ఆముదపు చెట్లు కనబడుచునే యుండును. పూర్వము ప్రతి యింట ఆముదము వండి, పిల్లల తలకు, పాదములకు, దీపమునకు అదియే వాడెడివారు. జుట్టు పెంచునని దానికి గల కీర్తికి శాస్త్రప్రమాణము గట్టిగా లేదు. కాని, చిక్కని నూనె గనుక తేమను పట్టి యుంచును. జిడ్డును తగ్గించుటకు ఒక పాలు ఆముదమునకు మూడు పాళ్లు కొబ్బరినూనె కలుపుకొనుట ఇచటి వాడుక. కొబ్బరినూనె వెండ్రుకలోని మాంసకృత్తులు పోకుండ కాపాడునని, ఖనిజతైలము, పొద్దుతిరుగుడు నూనెలకు ఆ గుణము లేదని 2003లో రేలే, మొహిలే అను నిద్దఱు పరిశోధకులు ప్రకటించిరి. వారు కొబ్బరినూనె అమ్ము కంపెనీలో పని చేయువారని కూడ చదువరులు గుర్తుంచుకొనవలెను. అయినను ఆ పరీక్షను తరువాతి వారు త్రోసిపుచ్చలేదు. తలంటికి ముందుగా రాచి, ఒకటి రెండు గంటలు ఉంచి కడిగివేయుటయే దాని ప్రయోజనము. “కేశతైలము” అను పేరుతో ఆకుపచ్చ రంగు, గాఢమైన వాసన చేర్చి మూడింతల వెలకు అమ్మునది చాల వఱకు ఖనిజతైలమే. సీసా వెనుక పదార్థముల పట్టికలో మొదట వ్రాసినదే ఎక్కువగా నున్నదని అర్థము. ఆ మొదటి పేరు చదివి కొనవలెను.

కల్యాణదుర్గము దారిలో చేలలో పని చేయు స్త్రీలు చీరపై మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి, తలకును చెక్కిళ్లకును గుడ్డ చుట్టి కనబడుదురు. బస్సులోని యువతులు వారిని చూచి నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఎండ తగులకుండ కాచు క్రీము ముఖమునకును మెడకును చాలవలెనన్న రెండు వ్రేళ్ల నిడివి పిండవలెను; రెండు గంటల కొకమాఱు మరల పూయవలెను. దినమెల్ల పొలములో నుండు స్త్రీ ఆ లెక్కన కొన్నచో కూలి డబ్బు క్రీమునకే చాలదు. ఆ చొక్కా, ఆ తలగుడ్డ ఆమెకు అంతకంటె మంచి కాపుదల. బడిపంతులమ్మకో, కార్యాలయమునకు పోవు ఆమెకో, ముఖ్యముగా చెక్కిళ్లపై మంగు వచ్చిన వారికో ఎస్.పి.ఎఫ్. 30 గల క్రీము కొనుట తగినది. ఆ ఒక్క వస్తువునకు పెట్టిన డబ్బు వృథా కాదు. అది కొనలేక, మంగు పోగొట్టునను లేపనము కొనుట మాత్రము వృథాయే. ఎండ తగులుచుండగా ఏ లేపనమును నిలువదు.

పుష్య మాసపు పొడి గాలికి పెదవులు, మడమలు పగులుట ఈ సీమలో ప్రతి యింటి బాధ. దీనికి వాసన లేని పెట్రోలియం జెల్లీ డబ్బా కంటె చవుకైనది, మంచిది ఏదియు లేదు. స్నానమైన మూడు నిమిషములలో, మేని తడి పూర్తిగా ఆఱకముందే, నూనె గాని జెల్లీ గాని పలుచగా రాచవలెను. పూర్తిగా ఎండిన చర్మముపై రాచిన నూనె పైననే నిలుచును. లోపల నీరు లేదు గనుక దాచుటకు ఏమియు లేదు. గ్లిసరిను వాడువారు దానిని నీటితో పలుచ చేసికొనవలెను. నిండు గ్లిసరిను ఈ పొడిగాలిలో చర్మములోని తేమనే పైకి లాగును.

కదిరి చేరగానే గాలి మాఱినది. మల్లెపూల గంపలు, వానితోపాటు కుంకుమ రాసులు. ఈ రెండింటికిని కదిరికి దక్షిణదేశమంతట పేరు కలదు. లక్ష్మీనరసింహస్వామి దర్శనము చేసికొని వచ్చు వారిలో కుంకుమ పొట్లము లేనివారు అరుదు. మంచి కుంకుమ పసుపుకొమ్ములతో చేయుదురు. పసుపునకు నిమ్మరసము, పటిక, వెలిగారము చేర్చి ఎండబెట్టినచో పసుపులోని రంగు ఎఱుపెక్కును. పిదప దంచి, జల్లించి, నూనె కొంచెము పట్టింతురు. చవుకగా చేయువారు పిండిలో రంగు కలుపుదురు. చూపునకు ఈ రెండవదియే మిక్కిలి ఎఱ్ఱగా మెఱయును. నుదుట నల్లని మచ్చయు అదియే పెట్టును. అంగడి వృద్ధుడొకడు మాకు రెండును చూపి, “మెఱిసేది దేవునికి, మెఱవనిది మీకు” అనెను. దేవునికి ఆ మాట వినబడలేదని తలచెదము.

ఇప్పటి పడుచులు కుంకుమ కంటె అంటించు తిలకపు బిళ్లలనే వాడుదురు. చవుక బిళ్లల జిగురులో పారాటెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అను పదార్థము కలదు. కొందఱికి అది చర్మపు రంగునే చంపివైచి, బిళ్ల యెంత యుండునో సరిగా నంత తెల్లమచ్చ పెట్టును. దానిని కప్పుటకు మఱింత పెద్ద బిళ్ల అంటించువారిని మేము చూచితిమి. దురద గాని, మచ్చ గాని తోచిన దినముననే బిళ్ల మానవలెను. తొలి దినములలోనే మానినచో రంగు మరల వచ్చుట కలదు. జాగు చేసినకొలది కష్టము.

ఇక చెప్పక తప్పని సంగతి. కల్యాణదుర్గము దాటిన ఒక పల్లెలో పెండ్లిచూపులకు సిద్ధమగుచున్న పందొమ్మిదేండ్ల పిల్లను చూచితిమి. చామనచాయ పిల్ల, కన్నులు చక్కనివి. తల్లి నాలుగు నెలల క్రిందట మందుల అంగడిలో నడిగి, వైద్యుని చీటీ లేకయే ఒక చిన్న గొట్టపు మందు తెచ్చి రాచినది. “పదైదు దినాలకే తెల్లగయిందమ్మా. ఇప్పుడు చూడు” అని ఆమె దీపము దగ్గఱకు తెచ్చి చూపెను. చెక్కిళ్లు ఎఱ్ఱగా పలుచబడి నరములు తేలినవి. గడ్డము మీద మొటిమలు, నూగు వెండ్రుకలు. ఎండలోనికి పోయిన మంట. రెండు దినములు మందు మానిన ముఖమంతయు ఉబ్బును. కనుక మరల రాయుదురు. ఆ గొట్టముపై “క్లోబెటసాల్” అని యున్నది. ఇది తామరకును కాదు, తెల్లదనమునకును కాదు; కొన్ని చర్మరోగములకు వైద్యులు కొద్ది దినములు మాత్రమే ఇచ్చు స్టీరాయిడు. బీటామెథసోన్, మొమెటసోన్ అనునవియు ఇట్టివే. 2018లో ప్రభుత్వము ఇట్టి పదునాలుగు స్టీరాయిడు లేపనములను చీటీ లేక అమ్మరాని షెడ్యూలులో చేర్చినది. చట్టము ఢిల్లీలో నున్నది; గొట్టము పల్లెలో నున్నది.

మేము ఆ తల్లితో చెప్పినది ఇంతే. ఆ గొట్టమును పాఱవేయక చేత పట్టుకొని, పిల్లను అనంతపురము ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు, చర్మవైద్యుని యొద్దకు తీసికొని పొమ్మంటిమి. ఒక్కమాఱుగా మానిన ముఖము మఱింత మండును గనుక ఎట్లు మాన్పింపవలెనో వైద్యుడే చెప్పవలెను. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “పెండ్లిచూపులు ఎట్లమ్మా?” అని అడిగెను. దానికి మా యొద్ద సమాధానము లేకపోయెను. పిల్లయే లోపలినుండి, “వాయిదా వేయమని చెప్పు” అనెను.

తెల్లదనపు వ్యాపారము ఈ సీమలో పుట్టినది కాదు. 1919లో బొంబాయిలో పటన్‌వాలా అఫ్గాన్ స్నో తయారు చేసిన నాటినుండి ‘స్నో’ అను మాటయే మన యిండ్లలో అందమునకు పేరైనది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ ఊరూరికి పోయినది; 2020లో దాని యజమానులే పేరులోని ‘ఫెయిర్’ను తీసివైచి గ్లో అండ్ లవ్లీ చేసిరి. పేరు మాఱినంతట కోరిక మాఱునా? అంగడివాండ్రు ఇప్పటికిని పాత పేరుతోనే అడిగి తెప్పించుకొందురు. అంతకంటె భయంకరమైనవి ఊరు పేరు లేని తెల్లదనపు క్రీములు. వీనిలో పాదరసము కలుపుదురు. ముఖమునకు రాయు వస్తువులలో తెలియక చేరినను పాదరసము పది లక్షలలో ఒక పాలు మించరాదని 2020 నాటి కాస్మెటిక్స్ నియమములు చెప్పుచున్నవి. పాదరసము చర్మముగుండ లోనికి పోయి మూత్రపిండములను చెఱచును. తల్లి ముఖమునుండి ఒడిలోని బిడ్డకును అంటును. కనుక తయారీదారుని చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన నెల, వాడవలసిన గడువు, ఈ అయిదును లేని డబ్బాను ఎంత చవుకైనను, ఉచితముగా నిచ్చినను ముట్టరాదు.

హిందూపురమునకు పోవు దారిలో లేపాక్షి చూచితిమి. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిన వీరభద్రాలయము అది. మంటపపు పైకప్పున పార్వతీకల్యాణము చిత్రింపబడియున్నది. తల పైకెత్తి మెడ నొచ్చు వఱకు చూచితిమి. చెలికత్తెలు పెండ్లికూతురును సింగారించుచున్నారు. చీరల అంచులు, కొప్పులు, కంఠహారములు ఎంత సన్నని పనియో వర్ణింపజాలము. చిత్రకారుని గిన్నెలలో నున్నవి కావిరాయి, పసుపుమన్ను, మసి, సున్నము. జగన్మాత మేనికిని ఈ నేల రంగులే వేసెను. మా ప్రక్కన నిలిచి చూచుచున్న ఇద్దఱు కాలేజీ పిల్లలలో నొకతె, “మన రంగే గదే” అని రెండవదానితో అనెను.

హిందూపురము బజారులో పెండ్లి సరకులు కొను ఒక తల్లితో సగము పూట గడిపితిమి. చేతిలో రెండు వేల రూపాయలు. అంగడివాడు ముందుగా తీసినది పెద్ద పెట్టె: నలువది రంగులు, అద్దము, కుంచెలు; పైన ప్రసిద్ధమైన కంపెనీ పేరులో ఒక అక్షరము మాఱినది. లైసెన్సు సంఖ్య కొఱకు వెదకితిమి, లేదు. ఆ నలువది రంగులలో పెండ్లికూతురు వాడునవి మూడు. మిగిలినవి పెట్టెలో ఎండిపోవును. పెట్టెను ప్రక్కకు త్రోసి, విడిగా ఎన్నితిమి. ముఖమునకు పౌడరు బిళ్ల: దానిని ముంజేతిపై గాక దవడ క్రింద పూసి, అంగడి దీపమున గాక వీధి వెలుతురున చూచితిమి, మెడ రంగుతో కలిసిపోయినదే సరియైనది. పెదవి రంగు ఒక్కటి. దానినే వ్రేలితో పలుచగా అద్దిన చెక్కిళ్లకును చాలును. కాటుక ఒకటి, అదియును ఎవరితోను పంచుకొనరాదు. గోరింటాకు పొడి ఎఱ్ఱగా పండునదే. నల్లగా పండునని అమ్మునదానిలో జుట్టురంగులో వేయు పి.పి.డి. కలిపి బొబ్బలు తెప్పింతురు. కొన్న ప్రతిదానిని పెండ్లికి వారము ముందే మోచేతి మడతలో కొంచెము పూసి రెండు దినములు చూడుమంటిమి.

2025 సెప్టెంబరు 22 నుండి సబ్బులు, షాంపూ, తలనూనె, ముఖపు పౌడరులపై పన్ను నూటికి పదునెనిమిదినుండి అయిదునకు తగ్గినది. పెదవి రంగుపై తగ్గలేదు. కుంకుమకును, పారాణికిని పన్నే లేదు. ఆ తల్లికి ఈ సంగతి తెలియును. అంగడివానితో పాత ధర అంటించిన డబ్బాపై గట్టిగా పోట్లాడి గెలిచెను. నూఱు కిలోమీటర్ల దూరమున బెంగుళూరులో 1916లో మైసూరు మహారాజు పెట్టించిన కార్ఖానా గంధపు సబ్బులు మూడు, పెండ్లిపసుపు, రెండు డజన్ల గాజులు తీసికొని లెక్క చూడగా నూట ముప్పది రూపాయలు మిగిలినవి. ఆమె కొంతసేపు అద్దాల బీఱువాను చూచెను. తరువాత తన కాళ్లవైపు చూచుకొని, మడమల పగుళ్లకు ఒక జెల్లీ డబ్బా అడిగెను.